పందిట్లో తీసిన ఫొటో

శనివారం సాయంత్రం నేను షాపు కట్టేసి ఇంటికొచ్చేసరికి స్టెల్లా వంటింట్లో నిలబడి ఫోను చూస్తోంది. పొయ్యి మీద చారు పొంగి గట్టంతా పారుతోంది. ఆమె చూపు అటు లేదు. నేనే వెళ్ళి గ్యాసు ఆపాను.

"ఎవరిది?" అన్నాను.

"రత్తయ్యగారి కాలు. మీరు చూసి చెప్పండి, ఎలా ఉంది?"

"నాకేం తెలుస్తుంది? ఎర్రగా బాగానే ఉన్నట్టుంది."

"అదే. బాగానే ఉంది," అంది, బాగాలేదన్నట్టు.

మా ఇంట్లో భోజనాల వేళ కాళ్ళ ఫొటోలు చూడడం మామూలే. ఏలూరు రోడ్డులో ఒక ఆసుపత్రిలో పుళ్ళకు కట్లు కట్టే గదికి నా భార్య ఇన్‌చార్జి. అక్కడికి వచ్చేవాళ్ళలో షుగరు మనుషులే ఎక్కువ. నాది ఆటోనగర్‌లో కాలిపోయిన మోటార్లకు రాగి తీగ చుట్టే పని. వైద్యం సంగతి ఆమె నోట విన్నంతవరకే తెలుసు.

ఏడాది కిందట ఆ గదికి ఒక ట్యాబ్ వచ్చింది. పుండుకు ఫొటో తీస్తే చాలు, అందులోని ఏఐ చుట్టూ గీత గీసి, పొడవెంత, వెడల్పెంత, ఎర్రటి మంచి కండ ఎంత, పచ్చటి కుళ్ళు ఎంత, నల్లగా చచ్చిపోయింది ఎంత అని తేల్చి నూటికి ఇన్ని అని చెబుతుంది. అంతకుముందు స్కేలు పెట్టి కొలిచి, కంటితో అంచనా కట్టి రాసేవాళ్ళు. ఒకే పుండును పొద్దుటి సిస్టర్ ఒకలా రాస్తే సాయంత్రం సిస్టర్ ఇంకోలా రాసేదట.

మొదట్లో స్టెల్లా దాని మీద విసుక్కునేది. పుండు చూడనా, దానికి వెలుతురు చూడనా అనేది. గ్లౌజుల చేతులతో ట్యాబ్ ముట్టుకోకూడదు, ఇంకొకరు పట్టుకోవాలి, ఆ ఇంకొకరు ఎప్పుడూ దొరకరు. మన చామనఛాయ ఒంటి మీద పుండు చుట్టూ కమిలిన ఎరుపు దానికి కనపడదనేది. పోనుపోను అలవాటైంది. రోగులకైతే మహా ఇష్టం. సిస్టర్ పది మాటలు చెప్పినా వినని మనిషి, తెర మీద పుండు సైజు గీత కిందికి దిగిందంటే నవ్వుతూ ఇంటికెళ్తాడట.

తర్వాత మైలవరం నుంచి బసవయ్య అనే పెద్దాయన వచ్చాడు. ఆయన మడమ పుండు మానుతోందని స్టెల్లా అనుకుంటే, పెరుగుతోందని ట్యాబ్ చెప్పింది. డాక్టరు కోసి చూస్తే అదే నిజమైంది. ఆ రోజు ఇంటికొచ్చి, "ఇన్నేళ్ళుగా చూస్తున్న నాకు కనపడనిది దానికి కనపడిందండీ" అంటూ అన్నం ముందు చాలాసేపు కూర్చుండిపోయింది. అప్పటినుంచి తన కంటికి ఒకటి తోచి, అది ఇంకొకటి చెబితే నోరు మెదపడానికి జంకుతుంది. ఆ జంకు వినయమో భయమో నాకు తెలియలేదు. ప్రార్థనలో కూడా నాకీ రెంటికీ తేడా అంత తేలిగ్గా తెలియదు.

రత్తయ్యగారిది చల్లపల్లి దాటాక ఒక పల్లెటూరు. పొలం గట్టు మీద తుమ్మముల్లు బొటనవేలి కింద దిగితే ఆయనకు తెలియనే లేదు. షుగరుతో పాదం అంతగా మొద్దుబారిపోయింది. ఆసుపత్రికి వచ్చేసరికి పుండు చీము పట్టి ఉంది. కాలు నిలిస్తే భవానీ మాల వేసుకుంటానని బెజవాడ దుర్గమ్మకు మొక్కుకున్నాడు. కాస్త తగ్గుముఖం పట్టగానే మాట ప్రకారం వేసుకున్నాడు. మండల దీక్ష. ఎర్రబట్టలు, ఒంటిపూట భోజనం, చన్నీళ్ళ స్నానం, చాప మీద పడక, కాళ్ళకు చెప్పుల్లేకపోవడం.

"ఈ కాలితో చెప్పుల్లేకుండానా బాబాయ్‌గారూ?" అని స్టెల్లా ఆ రోజు ఆయనతో పెద్ద గొడవే పడింది. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఆయన పొలం వెళ్ళకుండా ఊళ్ళో భవానీలు వేసుకున్న పీఠం పందిట్లోనే ఉండాలి. దీక్షలో ఉండగా చావులూ మైలలూ ఉండే ఆసుపత్రి గడప తొక్కనన్నాడు కాబట్టి, కట్టు ఆయన భార్య మాణిక్యంగారు మార్చాలి. మార్చినప్పుడల్లా ఆసుపత్రివాళ్ళు ఫోనులో వేసిచ్చిన యాప్‌లో ఫొటో తీసి పంపాలి. "శుభ్రంగా ఉన్న చోట, మంచి వెలుతురులో తీయండి పిన్నీ," అని స్టెల్లా చెప్పి పంపింది.

ఆమె అలాగే పంపుతోంది. మంచి కండ నంబరు పెరుగుతోంది. ఆ శనివారం మధ్యాహ్నం ఎనభై ఆరు వచ్చింది.

"మరి నీ బాధేంటి?" అన్నాను, గట్టు తుడుస్తూ.

"ఇందాక మాణిక్యం పిన్ని ఫోను చేసింది. కట్టు మీద ఈగలు ముసురుతున్నాయి, వేపాకు పొగ వేయొచ్చా అని. మానే పుండు మీద ఈగలు ముసరవండీ."

నా ముందే డాక్టరు వినీలగారికి ఫోను చేసింది. చేతులు తడిగా ఉండి స్పీకరు పెట్టింది.

"ఈగలా?" అవతల డాక్టరమ్మ నవ్వింది. "కోతల టైము సిస్టర్. చుట్టూ గేదెలు, గడ్డి. ఈగలు ఎవరి మీద వాలవు చెప్పండి? నేనిప్పుడే చూశాను, ఎనభై ఆరు. సైజు కూడా తగ్గింది. మీ డౌటేంటి?"

"డౌటని కాదు మేడమ్..."

"ఈగలని ఏ కాలమ్‌లో రాయను? మీకంత అనుమానంగా ఉంటే రమ్మనండి, చూద్దాం."

"రారు మేడమ్. వచ్చే వారమే ఇరుముడి కట్టుకుని దుర్గమ్మ కొండకు వస్తారు."

"ఇంకేం, వారమే గదా. కొండ దిగి ఇటే వచ్చేయమనండి."

వినీలగారు చెడ్డమనిషి కాదు. మా అమ్మకు తుంటి విరిగినప్పుడు డ్యూటీ అయిపోయాక కూడా వచ్చి చూసిపోయిన పిల్ల. ఫోను పెట్టేశాక స్టెల్లా ప్రతి గదిలోకీ ఊరికే వెళ్ళి వచ్చింది. ఉతికిన బట్టలు మడతపెట్టి, విప్పి, మళ్ళీ పెట్టింది.

"వెళ్ళి చూసొద్దామా?" అన్నాను.

"నేనెళ్తే ఏమనుకుంటారు? మెడలో సిలువ వేసుకున్న నర్సు ఊళ్ళోకొచ్చి మాల తీయించిందంటారు. తీరా చూస్తే పుండు బాగుంటే?"

"బాగుంటే కాఫీ తాగి వద్దాం. చల్లపల్లేమన్నా సముద్రం అవతలుందా?"

ఆదివారం గుణదల చర్చిలో మొదటి పూజకు వెళ్ళి, అటునుంచి అటే బండి మీద బయల్దేరాం. ఆమె ఒళ్ళో కట్ల సామాను డబ్బా. పూజలో నాకు మనసు నిలవలేదు, విశ్రాంతి దినాన పని మంచిదా కాదా అని ఫాదర్‌గారు ఏదో చెప్పారు కానీ సగమే విన్నాను. కంకిపాడు దాటేదాకా మంచు. ఉయ్యూరు దగ్గర చెరుకు ట్రాక్టర్ల వెనకాల పడి పాకాం. పామర్రు నుంచి రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. స్టెల్లా వెనకనుంచి రెండు మూడుసార్లు "వెనక్కి తిప్పేద్దామా" అంది. నేను వినపడనట్టు బండి పోనిచ్చాను.

పీఠం ఊరి మధ్యలో, రామాలయం పక్క ఖాళీ స్థలంలో ఉంది. నాలుగు పక్కలా, పైనా ఎర్రగుడ్డ కట్టిన పెద్ద పందిరి. లోపల అమ్మవారి పటం, కలశం, అగరొత్తుల వాసన. పది పన్నెండు మంది భవానీలు చాపల మీద కూర్చుని ఉన్నారు. మేము చెప్పులు బయట వదిలి లోపలికి వెళ్ళాం. పొద్దెక్కి ఎండ పైగుడ్డ మీద పడుతోంది.

"అదిగో, మన కాలు డాక్టరమ్మ వచ్చింది!" అన్నాడు రత్తయ్యగారు, పందిరి స్తంభానికి ఆనుకుని కాలు చాపుకుని. ఎముకల గూడులాంటి మనిషి, పెద్ద గొంతు. "రా తల్లీ. ఫోనులో చూసింది చాలక ఇంతదూరం వచ్చావా?"

"జై భవానీ బాబాయ్‌గారూ. మిమ్మల్ని చూసి పోదామని."

"నన్ను చూసేదేముంది? ఎనభై ఆరు! ఇదిగో, మా తిరుపతిరావు భవానీ కొడుక్కి ఇంటర్లో కూడా అన్ని రాలా."

చాపల మీద వాళ్ళంతా నవ్వారు. ఆయన కాలి నంబరు ఊరంతటికీ తెలుసని అర్థమైంది. పంపిన ప్రతిసారీ ఎంత వచ్చిందో పందిట్లో అందరూ అడుగుతారట. డెబ్బై దాటిన రోజు అమ్మవారికి కొబ్బరికాయ కొట్టారట.

తిరుపతిరావుగారు వీళ్ళందరికీ గురుభవాని. మాలలు వేసేదీ, పూజ చేయించేదీ ఆయనే. ఆయన నవ్వలేదు. స్టెల్లా మెడవైపు ఒకసారి చూసి, "ఆదివారం పూట మీకు చర్చి ఉంటది గదమ్మా," అన్నాడు.

"వెళ్ళే వచ్చామండి."

"మంచిది. భవానీకి బాగానే ఉంది. అమ్మ చూసుకుంటంది."

"ఒక్కసారి కట్టు విప్పి చూస్తానండి, అంతే."

మాణిక్యంగారు పళ్ళెంలో రెండు గ్లాసులు పట్టుకొచ్చారు. సన్నగా, గబగబా నడిచే మనిషి. "ముందు ఇయి తాగండి. అమ్మవారికి పెట్టినవి కాదులే, మీకని విడిగా తీశా," అన్నారు నాతో. ఆ మాటకు నాకు ఒకింత సిగ్గు వేసింది.

స్టెల్లా గ్లాసు పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని కట్టు విప్పింది. నేను దూరంనుంచే చూశాను. ఫొటోలో చూసినట్టే ఉంది, దానిమ్మ గింజలా ఎర్రగా. ఆమె వంగి చూసింది, చుట్టూ వేలితో నొక్కింది. ఆమె భుజాలు కిందికి దిగాయి. ఇన్నాళ్ళ కాపురంలో ఆ భుజాలు ఎప్పుడు దిగుతాయో నాకు తెలుసు. నిజంగానే బాగుంది కాబోలు, ఇక కాఫీ తాగి వెళ్ళడమే అనుకున్నాను.

గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని, మాట కలుపుదామని, "రోజ్‌మిల్క్ చేశారా పిన్నిగారూ? ఈ చలిలోనా?" అన్నాను.

మాణిక్యంగారు పకపకా నవ్వారు. "రోజ్‌మిల్క్ ఎక్కడిది బాబూ, మా గేదె పాలు! ఈ పందిట్లో అంతే, పాలూ ఎర్రగానే ఉంటయి, అన్నమూ ఎర్రగానే ఉంటది. మొదట్లో మేమూ మజ్జిగ చూసి దడుచుకున్నాం."

నేను గుక్క వేశాను. ఉత్త పాలే, బెల్లం వేసినవి. తల దించి చూసుకుంటే, పూజకని వేసుకున్న నా తెల్లచొక్కా లేత ఎరుపులో ఉంది.

స్టెల్లా తల ఎత్తి పైగుడ్డ వైపు చూసింది. తర్వాత నా గ్లాసు వైపు. తర్వాత తన చేతిలోని దూది వైపు. ఆమె ముఖం చూసి నేను గ్లాసు కింద పెట్టాను.

"పిన్నీ, ఫొటోలు ఎక్కడ తీస్తున్నారు?"

"ఇక్కడేనమ్మా. శుభ్రమైన చోటని చెప్పావు గదా. ఇంట్లో పశువుల గోల, ధూళి. ఊరు మొత్తంలో ఇంతకంటే శుభ్రమైన చోటేది? రెండుపూటలా కడుగుతాం. పట్టపగలు, ఇదిగో ఇట్టా వెలుగున్నప్పుడే."

"బాబాయ్‌గారిని బయటికి తీసుకెళ్దాం. ఎండలోకి."

"ఎందుకూ?" అన్నాడు తిరుపతిరావుగారు.

"ఎందుకో చూశాక మీరే చెప్పండి."

బయట మంచం వేయించి, నేనూ ఇంకొకాయనా రత్తయ్యగారిని రెక్కలు పట్టుకుని నడిపించాం. ఒళ్ళు వెచ్చగా ఉంది. చన్నీళ్ళ స్నానం చేసినవాడికి అంత వేడి ఎక్కడిదా అనుకున్నాను. రామాలయం అరుగు పక్కన ఎండలో కూర్చోబెట్టాం. స్టెల్లా కాలు తన ఒళ్ళో పెట్టుకుంది.

అక్కడ అది వేరే కాలు. ఎరుపు ఎక్కడో రేకులా ఉంది. మిగిలిందంతా బూడిదరంగు, పసుపు. అంచుల్లో నలుపు. పైన నోరు చిన్నదైన మాట నిజమే. లోపలికి గొయ్యిలా దిగింది. పందిట్లో అగరొత్తుల మాటున తెలియని వాసన ఇప్పుడు తెలిసింది. వెనక నిలబడ్డ భవానీ ఒకాయన కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. స్టెల్లా డబ్బాలోంచి సన్నటి ఇనుప పుల్ల తీసి లోపలికి పోనిచ్చింది. నేను ముఖం తిప్పుకున్నాను. పుల్ల చివర దేనికో గట్టిగా తగిలిన సంగతి ఆమె ఊపిరి ఆగడంతో తెలిసింది.

తర్వాత తన ఫోనుతో అదే యాప్‌లో ఫొటో తీసింది. ముప్ఫై ఒకటి వచ్చింది.

"నిన్న ఎనభై ఆరు, ఇప్పుడు ముప్ఫై ఒకటా?" తిరుపతిరావుగారి గొంతు లేచింది. "ఏం మిషనమ్మా ఇది? నువ్వు పట్టుకుంటే ఒకటీ, ఆమె పట్టుకుంటే ఒకటీ చెప్తదా? లేక దీక్ష మాన్పించాలని వచ్చారా?"

"భవానీ," అంది స్టెల్లా. "అది చూపించిందే చెప్పింది. ఎర్రగుడ్డ కింద చూపిస్తే ఎరుపంది. నేనూ ఇందాక అక్కడ చూసి బాగుందనే అనుకున్నా. మా అత్తగారు గుణదల కొండ మోకాళ్ళ మీద ఎక్కిన మనిషి. మొక్కంటే నాకు తెలీదనుకోకండి. మీరు మాల తీయమనొద్దు, నేనూ తీయమనను. ఈ కాలు చూసి మీకేం తోస్తే అది చెప్పండి."

తిరుపతిరావుగారు వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

రత్తయ్యగారు ఇంతసేపూ తన కాలి వైపు చూడలేదు. స్టెల్లా ముఖమే చూస్తున్నాడు. "ఉన్నమాట చెప్పు తల్లీ. కాలు ఉంటదా?"

"బొటనవేలు ఉండకపోవచ్చు బాబాయ్‌గారూ. ఎముక తగిలింది. ఇవాళ వస్తే కాలు నిలబెట్టొచ్చని నా ఆశ. వారం ఆగితే నేనేం చెప్పలేను."

"వారం ఆగితే ఇరుముడి ఇచ్చి వస్తా."

"ఆ మెట్లు ఎలా ఎక్కుతారు?"

"అమ్మ ఎక్కిస్తది." అని, గొంతు తగ్గించి, "అమ్మ వింటందనే గదా అనుకున్నా. నంబరు పెరిగినప్పుడల్లా, ఇదిగో ఆమె పలుకుతంది అనుకున్నా. ఇప్పుడేంటి, వినలేదంటావా?" అన్నాడు.

స్టెల్లా వంగి పుండు మీద తడి గుడ్డ కప్పింది. మా పెద్దపిల్ల పుట్టి మూడోనాడు పోయినప్పుడు నేనూ ఇదే మాట ఫాదర్‌గారిని అడిగాను. ఆయన నా భుజం మీద చేయి వేశారు, అంతే. ఆ చేయి గుర్తుంది కానీ నేను రత్తయ్యగారి భుజం మీద వేయలేకపోయాను. కొత్తవాణ్ణి, దీక్షలో ఉన్న మనిషిని ముట్టుకోవచ్చో లేదో అని అదొక బెరుకు. ఇందాక రెక్క పట్టుకుని నడిపించింది నేనే అని అప్పుడు తోచలేదు.

మాణిక్యంగారు ముందుకు వచ్చారు. "ఏం మాటలయ్యా అయి? వినకపోతే ఈ పిల్ల ఆదివారం పూట బెజవాడ నుంచి ఎందుకు వస్తది? లేవండి."

"ఇరుముడి?"

"నేను మోస్తా."

"నీకు మాల లేదు గదే."

"మాల లేకపోతే మీతోపాటు ఒంటిపూట తిన్లేదా? చాప మీద పడుకోలేదా? తెల్లారి ఆ నీళ్ళు తోడింది ఎవరు?" అని గురుభవాని వైపు తిరిగారు. "చెప్పండి తిరుపతిరావు. నేను మోస్తే అమ్మ వద్దంటదా?"

ఆయన తల గోక్కున్నాడు. "నాకు తెలిసిన శాస్త్రంలో అయితే ఇట్టాంటిది లేదు అక్కా. లేనిదానికి వద్దని నేనెట్టా చెప్పను? భవానీ, లోపలికి పద. అమ్మ ముందు నిలబడు, మాల నేను తీస్తా. కారు కూడా నాదే తీస్తా."

రత్తయ్యగారు అలాగే కూర్చుండిపోయాడు. మేమంతా నిలబడే ఉన్నాం. స్టెల్లా ఫోను చూసుకుంటూ, డాక్టరుకు చేయాలా వద్దా అన్నట్టు తీస్తూ పెడుతూ ఉంది. చివరికి ఆయన నా వైపు చేయి చాపాడు, లేపమని.

దారిలో స్టెల్లా ఫోను చేయడంతో, ఆసుపత్రికి చేరేసరికి వినీలగారు సెలవు మానుకుని వచ్చి ఉంది. పుండు చూసి, ఫోనులో ఫొటోలన్నీ వరసగా తిప్పింది. స్టెల్లా పాలగ్లాసు సంగతి చెబితే నవ్వబోయి ఆగిపోయింది. ఫొటో తీసేటప్పుడు పుండు పక్కన అతికించమని రంగుగళ్ళ స్టిక్కర్లు ఇస్తారట, వాటితో పోల్చుకునే అది రంగు తేలుస్తుందట. మాణిక్యంగారి దగ్గర అవి ఎప్పుడో అయిపోయాయి. స్టిక్కరు లేకపోయినా యాప్ ఫొటో తీసుకుంటుంది, నంబరు ఇస్తుంది. అడుగున సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో హెచ్చరిక ఒకటి రాస్తుంది.

"అది రాసే ఉంది సిస్టర్. ప్రతి ఫొటో కిందా రాసే ఉంది," అంది వినీలగారు. "నేను నంబరు చూశా. ఫొటో చూశాననుకున్నా, చూడలేదు."

"నేను ఫొటో చూశా మేడమ్. చూసీ మాట్లాడలేదు."

వెంటనే ఇద్దరూ ఇంటినుంచి ఫొటోలు పంపే మిగతావాళ్ళ పేర్లు తీసి ఫోన్లు మొదలుపెట్టారు. "ఎక్కడ కూర్చుని తీస్తున్నారు? పైన ఏముంది? రేకా, గుడ్డా? ఏ రంగు?" అని ఇద్దరూ చెరో మూల నిలబడి అడుగుతుంటే, కారిడార్‌లో కూర్చున్న జనం వీళ్ళకేమైందా అని చూశారు. ఇబ్రహీంపట్నంలో ఒకాయన నీలం టార్పాలిన్ కింద తీస్తున్నానన్నాడు. ఆయన్నీ మర్నాడు రమ్మన్నారు.

ఆ సాయంత్రమే రత్తయ్యగారికి ఆపరేషను చేశారు. బొటనవేలూ, దాని పక్క వేలూ తీసేశారు. ఎముకలో చీము ఎంతవరకు పాకిందో తెలియదు, నాలుగైదు రోజులు చూసి కట్టు పూర్తిగా విప్పితేగానీ పాదం సంగతి చెప్పలేమన్నారు. ఆ రోజుల్లో స్టెల్లా ఇంట్లో ఒక చోట కూర్చోలేదు. నేను షాపులో రెండు మోటార్లకు తీగ తప్పు చుట్టి మళ్ళీ విప్పాను.

కట్టు విప్పుతామన్న రోజూ, ఊరివాళ్ళు ఇరుముడులతో కొండకు వచ్చిన రోజూ ఒకటే అయ్యాయి. తిరుపతిరావుగారు రత్తయ్యగారి ఇరుముడి ఆసుపత్రి గేటు దగ్గరికి తెచ్చి మాణిక్యంగారి తల మీద పెట్టాడు. ఆమె పైకి, మూడో అంతస్తు కిటికీ వైపు ఒకసారి చూసి కదిలారు. ఆ జనంలో తప్పిపోకుండా తోడు వెళ్ళమని స్టెల్లా నన్ను పంపింది. ఊరివాళ్ళున్నారు గదా అంటే, "వాళ్ళంతా అమ్మను చూస్తారండీ, ఆమెను ఎవరు చూస్తారు?" అంది.

క్యూ మొదలయ్యే చోటు దాకా నడిచి, అక్కడ నేను ఆగిపోయాను. ఆమె లోపలికి వెళ్ళారు. కనకదుర్గ వారధి వైపునుంచీ, బస్టాండు వైపునుంచీ జనం వస్తూనే ఉన్నారు. మైకులో తప్పిపోయిన వాళ్ళ పేర్లు చదువుతున్నారు. నేను ఒక షాపు మెట్టు మీద కూర్చుని లేచి, కూర్చుని లేచి, ఫోను చేతిలోనే పట్టుకున్నాను. జపమాల జేబులో ఉంది. ఎవరి కొండ కింద ఎవరి ప్రార్థన చేస్తున్నానా అని ఒక క్షణం సందేహం వచ్చింది. చేతులు వాటంతట అవే పూసలు తిప్పాయి.

స్టెల్లా ఫోను మధ్యాహ్నం దాటాక వచ్చింది. చుట్టూ గోలకు ఒక చెవి మూసుకుని విన్నాను.

"విప్పారండీ. శుభ్రంగా ఉంది. ఎముక చివర రక్తం ఆడుతోంది. పాదం నిలుస్తుందన్నారు మేడమ్. నేను కూడా చూశా. మళ్ళీ కట్టు కట్టే లోపు పిన్నికి చూపించండి, ఫొటో పంపుతున్నా. కిటికీ దగ్గర తీశా, పక్కన స్టిక్కరు కూడా ఉంది."

మాణిక్యంగారు బయటికి వచ్చేసరికి ఇంకో పావుగంట పట్టింది. జుట్టంతా రేగిపోయి, నుదుట కుంకుమ చెమటకు కారి ఉంది. తల మీద బరువు లేకపోయినా మెడ ఇంకా నిటారుగానే పట్టుకుని నడుస్తున్నారు. నన్ను చూసి ఆగిపోయారు.

"నిలుస్తుందంట పిన్నిగారూ. పాదం నిలుస్తుందన్నారు."

ఆమె అక్కడే, రోడ్డు పక్కనే కూలబడ్డారు. జనం పక్కకు తప్పుకుని పోతున్నారు. నేను కూడా పక్కన గొంతుక్కూర్చుని ఫోను అందించాను. ఆమె తీసుకుని ఫొటో వైపు చూశారు. కొంగు అడ్డం పెట్టి చూశారు. కొంగు తీసి ఎండలోకి తిప్పి చూశారు. కింద నంబరు ఉంది. దాన్ని బొటనవేలితో మూసి మళ్ళీ చూశారు. తర్వాత ఫోను నా చేతిలో పెట్టి, నేల మీద చేయి ఆనించి లేచారు.

"ఆటోని పిలువు బాబూ," అన్నారు. "కట్టు కట్టేసేలోపు నా కళ్ళతో చూడాలి."